ఎనిమిదో అభ్యర్థి

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో పొద్దున ఏడయ్యేసరికి తెలుగువాళ్ల కార్లన్నీ పడమటి దారి పడతాయి. సన్నీవేల్ అనీ, శాన్ హొసే అనీ, ఎవరి ఆఫీసు వాళ్లది. బొల్లెపల్లి వేణుమాధవ్ కారు ఒక్కటే తూర్పుకి తిరుగుతుంది. ఆల్టమాంట్ కొండలెక్కి, గాలిమరల మధ్య నుంచి దిగి, స్టాక్టన్‌లో ఒక ఫుట్‌బాల్ టీమ్ ఆఫీసు ముందు ఆగుతుంది. పదకొండేళ్లుగా ఇదే దారి. ట్రాఫిక్ అంతా ఎదురువైపు ఉంటుంది కాబట్టి అతనికి రోడ్డు ఖాళీ. ఆ ఒక్క సుఖం తప్ప ఆ ఉద్యోగంలో అతను బావుకున్నది ఏమీ లేదని బంధువుల అభిప్రాయం.

అతన్నడిగితే ఒప్పుకోడు. ఒప్పుకునే రకమే అయితే ఈ కథ చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

కొత్తగూడెంలో పుట్టి, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి, స్టాటిస్టిక్స్‌లో ఎం.ఎస్. కోసం అమెరికా వచ్చాడు వేణుమాధవ్. అందరిలాగే క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ పని వెతుక్కున్నాడు. లైబ్రరీలో ఖాళీ లేదు, క్యాంటీన్లో సీనియర్లు ముందే కూర్చున్నారు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ వీడియో గదిలో మాత్రం మనిషి కావాలన్నారు. ఆటంతా రికార్డు చేసి, ముక్కలు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కకీ పేరు పెట్టి దాచే పని. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదనుకుని వెళ్లాడు. తీరా చూస్తే ఇది గుండ్రంగా కూడా లేని బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట, ఎదురొచ్చినవాణ్ణి గుద్ది పడేసే ఆట. మొదటి నెల ఏమీ తలకెక్కలేదు. రెండో నెలలో ఆ గుద్దులాట వెనక చదరంగం ఉందని కనిపెట్టాడు. మూడో నెలకి పిచ్చి పట్టింది. ఇరవై మూడేళ్లయినా ఆ పిచ్చి వదల్లేదు.

తోటివాళ్లు సాఫ్ట్‌వేర్లో చేరి, కంపెనీలు మారి, ఇళ్లు మారి, ఇప్పుడు రిటైర్మెంట్ గురించి మాట్లాడుకుంటున్నారు. వేణుమాధవ్ వాళ్ల జీతంలో సగానికి వీడియో గదిలో మొదలై, అంకెలు చూసే గదికి, అక్కడి నుంచి ఆటగాళ్లని ఎంచే గదికి జరిగాడు. ఇండియా నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "ఇంకా ఆ బంతాఫీసులోనేనా?" అని అడుగుతారు. అతను నవ్వేసి ఊరుకుంటాడు. మా అందరిలో అతనికి మెత్తటి మనిషనే పేరు. ఆ మెత్తదనం వెనక ఎంత ఆశ దాచుకున్నాడో ఎవరికీ తెలియదు.

ఆశ ఏమిటంటే జనరల్ మేనేజర్ కుర్చీ. టీమ్‌లోకి ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని పంపేయాలి, కోచ్‌గా ఎవరుండాలి, ఇవన్నీ తేల్చేది ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. వేణుమాధవ్ పని ఆ మనిషికి కాగితాలు రాసివ్వడం. ఏ మూల కాలేజీలో ఏ కుర్రాడు పైకొస్తాడో అతను రాస్తాడు, మీటింగ్‌లో ఇంకొకడు చదువుతాడు, టీవీలో మరొకడు మెచ్చుకోళ్లు అందుకుంటాడు. ఎవరూ పట్టించుకోని ఒక మోంటానా కుర్రాణ్ణి తీసుకోమని అతను పట్టుబట్టి రాశాడు. ఆ కుర్రాడు మూడేళ్లలో స్టార్ అయ్యాడు. అప్పటి జనరల్ మేనేజర్ టీవీలో "ఆ పిల్లాడి కళ్లలో నాకేదో కనిపించింది" అన్నాడు. అసలు ఆయన ఆ పిల్లాణ్ణి, టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ రోజుదాకా చూసిన పాపాన పోలేదు. ఇంట్లో సోఫాలో కూర్చుని ఆ మాట విన్న వేణుమాధవ్ టీవీ కట్టేసి గిన్నెలు తోమడానికి లేచాడు.

ఈ పనిలో అతనికి అక్షరాలు దిద్దించినవాడు టెరెన్స్ బ్రాడ్‌నాక్స్. అలబామా నల్లాయన, ఒకప్పటి ఆటగాడు, ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డాడు. అద్దె కార్లలో వేణుమాధవ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరూరా కాలేజీలు తిప్పాడు. మొహం చూడకు, పాదాలు చూడు, అలిసిపోయాక చూడు అని నేర్పాడు. ఎక్కడా వెజిటేరియన్ దొరక్కపోతే గ్యాస్ స్టేషన్లో వేరుశెనగలు కొనిపెట్టేవాడు. తర్వాత ఇద్దరూ వేర్వేరు టీమ్‌లకి వెళ్లిపోయినా నెలకోసారి ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. జనరల్ మేనేజర్ ఉద్యోగానికి టెరెన్స్‌ని ఐదుసార్లు ఇంటర్వ్యూకి పిలిచారు. ఐదుసార్లూ ఇంకెవరికో ఇచ్చారు. "మావాళ్లకి ఇంటర్వ్యూలకి లోటు లేదు, ఉద్యోగాలకే లోటు" అని పెద్దగా నవ్వేవాడు.

దానికి కారణం ఒక రూలు. జనరల్ మేనేజర్ కుర్చీ ఖాళీ అయితే, బయటి నుంచి కనీసం ఇద్దరు మైనారిటీ అభ్యర్థులను, అంటే తెల్లవాళ్లు కానివాళ్లను, పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాలి, ఆ తర్వాతే ఎవరి పేరైనా ప్రకటించాలి అని లీగ్ ఆజ్ఞ. ఆడేవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు, ఆడించే గదుల్లో మాత్రం వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అందుకని పెట్టిన రూలు. పెట్టినవాళ్లు మంచి మనసుతోనే పెట్టారు. టీమ్‌ల ఓనర్లు మాత్రం దాన్ని ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైన్ లాగా చూస్తారు. బూట్లు విప్పి ట్రేలో పెట్టి, అవతలివైపు మళ్లీ తొడుక్కుని తమ దారిన తాము పోతారు.

వేణుమాధవ్‌నీ ఆ రూలు కింద ఇంతకుముందొకసారి పిలిచారు. మూడేళ్ల క్రితం సంగతి. పిలుపు రాగానే భార్య రజిని సంతోషం పట్టలేక వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేసింది. తెలుగు అసోసియేషన్ వాళ్లు అడ్వాన్సుగా అభినందనలు చెప్పారు. ఉద్యోగం రాలేదు. తర్వాత ఆర్నెల్లపాటు కనిపించినవాడల్లా "ఏమైందండీ అది?" అని అడగడం, రజిని మొహం మాడ్చుకుని పక్కకి తిరగడం. అప్పుడు రజిని వాళ్లమ్మ రాధారాణిగారు ఒక శాసనం చేశారు. ఏ మంచి కబురైనా చేతికి కాగితం వచ్చేదాకా ప్రాణం పోయినా బయట పెట్టకూడదు. దిష్టికి రాళ్లయినా పగులుతాయి, మన బతుకులెంత అన్నారావిడ.

నవ్వకండి. మన ఇళ్లలో ఈ శాసనం లేని ఇల్లు ఏదో చెప్పండి. రజిని పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తోంది, ఆధారం లేనిదే అడుగు వేయదు. అయినా గ్రీన్ కార్డు అప్రూవ్ అయినప్పుడు, కార్డు పోస్టులో వచ్చి చేతిలో పడేదాకా సొంత అన్నకి కూడా చెప్పలేదు. అది వచ్చింది కాబట్టి శాసనం నిజమైంది.

ఇక ఈ జనవరి. నెబ్రాస్కాలో ఒమాహా డ్రోవర్స్ అని ఒక టీమ్. పదిహేడు ఆటల్లో మూడు గెలిచింది. అంతకుముందు ఏడాది నాలుగు. సీజన్ అయిపోయిన మర్నాడే ఓనర్ డేల్ హ్యాగర్‌మన్ కోచ్‌నీ, జనరల్ మేనేజర్‌నీ ఇద్దర్నీ ఇంటికి పంపించాడు. అది జరిగిన రెండు వారాలకి, సోమవారం మధ్యాహ్నం, వేణుమాధవ్‌కి ఒమాహా నుంచి ఫోన్ వచ్చింది. జనరల్ మేనేజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ, రేపే రాగలరా అన్నారు.

"రేపంటే కష్టం. గురువారం వస్తాను. నా ప్లాన్ సరిగ్గా తయారు చేసుకుని చూపించాలి కదా" అన్నాడు వేణుమాధవ్.

అవతలి మనిషి ఒక్క నిమిషం అని పక్కకి వెళ్లొచ్చి, గురువారం దాకా ఆగలేమన్నాడు. బుధవారం పొద్దున లివర్‌మోర్ ఎయిర్‌పోర్టుకి ప్రైవేట్ విమానం పంపిస్తామన్నాడు. ఎలాగైనా రావాలి, మిస్టర్ హ్యాగర్‌మన్ మీ కోసం ఎదురుచూస్తున్నారు అన్నాడు.

ఒక మనిషి కోసం విమానం! వేణుమాధవ్ ఆ సాయంత్రం ఆల్టమాంట్ కొండ మీద కారు నడిపాడో, గాల్లో తేలాడో అతనికే తెలియదు. మూడు ఆటలు గెలిచిన టీమ్‌కి అంత తొందర దేనికని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఇరవై మూడేళ్లుగా ఎవరూ పట్టించుకోని మనిషికి విమానం పంపితే అనుమానం ఎలా వస్తుంది?

ఇంట్లో తలుపులు వేసుకుని చెప్పాడు. రాధారాణిగారు ఆర్నెల్లకని వచ్చి అప్పటికి నాలుగు నెలలైంది. వెంటనే ఉప్పూ, ఎండుమిరపకాయలూ తీశారు. కిందటిసారి వంటింట్లో కాలిస్తే స్మోక్ అలారం మోగి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. అందుకని ఈసారి అల్లుణ్ణి పెరట్లో బార్బెక్యూ పక్కన నిలబెట్టి దిష్టి తీశారు.

"ఎవరికీ చెప్పకండి బాబూ. ఫోన్లు కూడా ఎత్తకండి. ఒక్క రెండ్రోజులు" అన్నారావిడ.

మంగళవారం పొద్దున టెరెన్స్ ఫోన్ చేశాడు. వేణుమాధవ్ ఎత్తలేదు. గంటకి మళ్లీ చేశాడు. మూడోసారి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "వేణూ, ఒమాహావాళ్లు నిన్ను పిలిచారని విన్నాను. వాళ్లకి మాట ఇచ్చేముందు నాతో మాట్లాడు. ముఖ్యమైన విషయం."

ఆ మెసేజ్ రజినికి వినిపించాడు.

"ఆయనకెలా తెలిసింది?" అంది రజిని.

"ఈ లీగ్‌లో దాగేది ఏముంటది? ఎవరో చెప్పుంటరు."

"ఆయన్నీ పిలిచారేమో. ఆయనకీ కావాలేమో ఆ జాబ్." "మీరు ఏం ప్రెజెంట్ చేస్తున్నారో తెలుసుకోవాలనుకుంటున్నాడేమో."

"టెరెన్స్ అట్లాంటోడు కాదు."

"అట్లాంటోడు కాదులెండి. కానీ ఐదుసార్లు రాలేదు కదా ఆయనకి. ఎంత మంచివాళ్లకైనా కడుపులో ఎక్కడో ఉంటుంది. రేపు ఈపాటికి అయిపోతుంది, అప్పుడు చేయండి. ఆయనే అర్థం చేసుకుంటాడు."

గ్యాస్ స్టేషన్లో వేరుశెనగలు కొనిపెట్టిన మనిషి మీద ఆ మాట అంటుంటే వేణుమాధవ్ కాదనాలి. కాదనలేదు. నిజం చెప్పాలంటే, రజిని అనకముందే ఆ మాట అతని మనసులో మెదిలింది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అతని ప్లాన్ నూట పన్నెండు పేజీలు. ఒమాహా టీమ్‌లో ప్రతి ఆటగాడి గురించీ, ఎవరి మోకాలు ఎన్నాళ్లు పనిచేస్తుందో, ఎవర్ని ఏ ఏడాది వదిలించుకోవాలో, ఏ కాలేజీలో ఎవరి మీద కన్నేయాలో, మూడేళ్లలో ఆ టీమ్ ఎలా లేచి నిలబడుతుందో అన్నీ రాశాడు. నాలుగేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా ఇలాంటివి రాసుకుంటూనే ఉన్నాడు, ఏ టీమ్ ఎప్పుడు పిలిచినా సిద్ధంగా ఉండాలని. ఆఖరి పేజీలు పూర్తిచేసి, నాలుగు కాపీలు బైండింగ్ చేయించాడు.

బుధవారం పదిన్నరకి ఒమాహాలో దిగాడు. మోకాలి లోతు మంచు. కారొచ్చి తీసుకెళ్లింది. టీమ్ ఆఫీసు గుమ్మంలో మెడలో బ్యాడ్జీ వేసుకున్న ఒకావిడ ఎదురొచ్చింది. నలభై లోపు వయసు, మొహం చూస్తే మనవాళ్లే. పేరు నమ్రత. లీగ్ రూల్స్ ప్రకారం కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం ఆవిడది. పక్కనే ఇద్దరు తెల్లవాళ్లు నడుస్తుంటే ఆవిడ ఇంగ్లిష్‌లో వాతావరణం గురించి మాట్లాడింది. కారిడార్ మలుపులో వాళ్లు కాస్త ముందుకి వెళ్లగానే ఒక్కసారిగా తెలుగులోకి దిగింది. మొహం మీద నవ్వు మాత్రం చెరగనివ్వలేదు.

"మీరు తెలుగే కదండి? నేను సియాటిల్ పక్కన బాతెల్‌లో పెరిగాను. నా తెలుగు అంత బాగుండదు. కానీ ఇది ఇంగ్లిష్‌లో చెప్పలేను."

"చెప్పండి" అన్నాడు వేణుమాధవ్, ఊరివాళ్లు కలిసిన సంతోషంతో.

"వాళ్లు ఆల్రెడీ హైర్ చేసేశారు. శనివారమే. కోల్ ప్రెస్టన్ అని, ఓనర్‌గారి అబ్బాయికి కాలేజ్ రూమ్మేట్. కాంట్రాక్ట్ నేనే ప్రింట్ తీశాను. మూడింటికి ప్రెస్ మీట్ ఉంది. మీ ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది, రూల్ కోసం."

ముందు నడుస్తున్నవాళ్లలో ఒకడు వెనక్కి తిరిగి చూశాడు. నమ్రత ఇంకాస్త నవ్వింది. మన ఊరి తిండి గురించి మాట్లాడుకుంటున్నారనుకుని అతనూ నవ్వాడు.

"ఒకాయన మొన్న వచ్చి వెళ్లారు. సెకండ్ పర్సన్ కోసం ఏడుగురిని అడిగాం. ఏడుగురూ రామన్నారు. వాళ్లంతా మాట్లాడుకున్నారనుకుంటా. అప్పుడు మీ పేరు తీశారు. మీరు ఇప్పుడు వెళ్లిపోతే వాళ్లు ఈరోజు అనౌన్స్ చేయలేరండి. లీగ్ వాళ్లు ఎందుకని అడుగుతారు. అంతా బయటికొస్తుంది. నేను క్యాబ్ పిలుస్తాను మీకు."

వేణుమాధవ్ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. తర్వాత అడిగాడు, "మీరెందుకు చెప్తున్నరు ఇదంతా?"

"తర్వాత ఫారం మీద మీ సంతకం తీసుకోవాల్సింది నేనే కాబట్టి."

"వాళ్లింకా నా ప్లాన్ చూడలేదు కదా" అన్నాడు వేణుమాధవ్.

నమ్రత మొహం మీద నవ్వు పోయింది. ఇంకా పది నిమిషాలుందని చెప్పి బాత్‌రూమ్ ఎటో చూపించింది.

అక్కడ అద్దం ముందు పది నిమిషాలు నిలబడ్డాడు వేణుమాధవ్. ఆ పది నిమిషాలు అతని జీవితంలో అన్నిటికన్నా పెద్దవి. తలుపు తీసుకుని ఎడమకి తిరిగితే బయటికి, మంచులోకి. కుడికి తిరిగితే కాన్ఫరెన్స్ రూమ్‌కి. బయటికి నడిస్తే హ్యాగర్‌మన్ ప్రెస్ మీట్ ఆగుతుంది, ఏడుగురు పట్టిన పట్టు నిలుస్తుంది. ఆ ఏడుగురిలో టెరెన్స్ ఉంటాడని అతనికి అప్పటికే అర్థమైంది. నిన్న పొద్దున అన్ని ఫోన్లు ఎందుకు చేశాడో అర్థమైంది. అర్థం కానిదేమీ మిగల్లేదు.

అయినా కుడికే తిరిగాడు.

ఎందుకంటే అతను ఎంసెట్ పిల్లాడు. నలభై ఏడేళ్లొచ్చినా అంతే. మనవాళ్లందరికీ చిన్నప్పుడే ఎక్కించిన నమ్మకం ఒకటుంది. పేపర్ దిద్దేవాడు ఎంత కిట్టనివాడైనా, సమాధానం అంత బాగా రాస్తే మార్కులు వేసి తీరాలి. నూట పన్నెండు పేజీలు తన చేతిలో ఉన్నాయి. అవి చూశాక కూడా కోల్ ప్రెస్టన్‌ని ఎలా తీసుకుంటారు? ఒక్కసారి చూస్తే చాలు కదా! కాంట్రాక్ట్ ప్రింటయితే మాత్రం, కాగితమే కదా, చింపేయొచ్చు కదా! ఇది వింటుంటే మీకు ఒళ్లు మండుతుందేమో. నాకూ మండింది. కానీ ఆ బాత్‌రూమ్‌లో నేనుంటే ఎటు తిరిగేవాణ్ణో గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

కాన్ఫరెన్స్ రూమ్‌లో ముగ్గురున్నారు. హ్యాగర్‌మన్, డెబ్భై ఏళ్ల మనిషి, మాంసం వ్యాపారంలో తరాలుగా ఉన్న కుటుంబం. పక్కన కొడుకు, ఫోన్లో తలదూర్చి. ఇంకొకతను లాయరు. హ్యాగర్‌మన్ లేచి గట్టిగా చెయ్యి కలిపాడు. విమానం బాగుందా అన్నాడు. మీవాళ్లు లెక్కల్లో గట్టివాళ్లని విన్నానన్నాడు. తన కంటి డాక్టరు ఇండియానే, పటేల్, తెలుసా అన్నాడు. ఇలా పావుగంట గడిచింది. లాయరు రెండుసార్లు గడియారం చూసి ఏదో రాసుకున్నాడు.

వేణుమాధవ్ పుస్తకాలు పంచి మొదలుపెట్టాడు. మొదట్లో ఎవరూ పేజీ తిప్పలేదు. ఆటగాళ్ల మోకాళ్ల దగ్గరికొచ్చేసరికి కొడుకు ఫోన్ పక్కన పెట్టాడు. మూడేళ్లలో టీమ్ ఎలా మారుతుందో చెప్పే భాగానికి వచ్చేసరికి హ్యాగర్‌మన్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "ఆగండాగండి, ఇది మళ్లీ చెప్పండి" అన్నాడు. మళ్లీ చెప్పాడు. ప్రశ్నలేశారు, నిజమైన ప్రశ్నలు. వేణుమాధవ్ ఒక్కదానికీ తడబడలేదు. ఇరవై మూడేళ్లుగా వేరేవాళ్ల నోటితో పలికించిన మాటలు మొదటిసారి తన నోటితో చెప్పాడు. అరగంటపాటు ఆ గదిలో అతనే జనరల్ మేనేజర్.

అదే నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి. వాళ్లు వినకపోయుంటే బాగుండేది.

"బ్రహ్మాండం" అన్నాడు హ్యాగర్‌మన్. "ఇరవై ఏళ్లుగా ఈ టీమ్ నడుపుతున్నాను. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు."

వేణుమాధవ్ కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఈ పుస్తకాలు ఇక్కడ వదిలి వెళ్తారా?" అన్నాడు హ్యాగర్‌మన్. "కోల్‌కి చాలా పనికొస్తుంది."

కొడుకు బల్ల వైపు చూశాడు. లాయరు దగ్గాడు. "ఎవరు ఎంపికైతే వాళ్లకి అని మిస్టర్ హ్యాగర్‌మన్ ఉద్దేశం" అన్నాడు.

నాలుగు పుస్తకాలూ తీసుకుని సంచిలో వేసుకుని లేవొచ్చు. ఆ పాటి కోపం ఎవరికైనా వస్తుంది. వేణుమాధవ్ "తప్పకుండా, ఉంచండి" అన్నాడు. తను రాసింది ఇంకొకరి చేతిలో పెట్టడం అతని ఉద్యోగం. ఆ చేతులకి వేరే పని తెలియదు.

నమ్రత తన గదిలో ఫారం ఇచ్చింది. ఇంటర్వ్యూ పదకొండింటికి మొదలై పన్నెండూ ఇరవైకి ముగిసిందనీ, నిష్పక్షపాతంగా జరిగిందనీ, అప్పటికి ఆ పదవికి ఎవరూ ఎంపిక కాలేదని అభ్యర్థి నమ్ముతున్నాడనీ అందులో రాసుంది. కింద సంతకానికి గీత.

"ఈ మూడోది మీరు కొట్టేయొచ్చు. పక్కన కామెంట్ రాయొచ్చు. ఆ ఫారం లీగ్‌కి వెళ్తుంది" అంది నమ్రత తెలుగులో, చాలా మెల్లగా.

వేణుమాధవ్ ఆలోచించాడు. కామెంట్ రాస్తే ఇక ఏ టీమూ పిలవదు. గొడవ పెట్టుకునే మనిషని పేరొస్తుంది. రాయకపోతే, హ్యాగర్‌మన్ బ్రహ్మాండమన్నాడు కదా, ఆ మాట నలుగురికీ చేరుతుంది. ఇంకో ఏడాది, ఇంకో టీమ్. ఇలా లెక్కేసుకుని సంతకం పెట్టాడు. లెక్కల్లో గట్టివాడు కదా.

నమ్రత ఫారం తీసుకుంది. "థాంక్యూ ఫర్ కమింగ్, సర్" అంది. తర్వాత తెలుగులో ఒక్క ముక్క మాట్లాడలేదు.

రావడానికి ప్రత్యేక విమానం. పోవడానికి మామూలు టికెట్, మధ్య సీటు, డెన్వర్‌లో మూడు గంటల ఆగుడు. డెన్వర్‌లో దిగి ఫోన్ ఆన్ చేసేసరికి వార్త వచ్చేసింది. ఒమాహా డ్రోవర్స్ కొత్త జనరల్ మేనేజర్ కోల్ ప్రెస్టన్. విస్తృతంగా, అన్ని వర్గాలనీ కలుపుకుని జరిపిన వెతుకులాట తర్వాత ఈ నిర్ణయం తీసుకున్నారట. ఇంటర్వ్యూ చేసిన ప్రతిభావంతుల్లో వేణుమాధవ్ పేరు, స్పెల్లింగ్ తప్పు లేకుండా. ప్రెస్టన్ ఫొటో ఒకటి పెట్టారు. ముప్పై ఆరేళ్ల అందగాడు, ముందు బల్ల మీద నీలంరంగు అట్ట పుస్తకం. ఆ అట్ట రంగు వేణుమాధవే ఎంచుకున్నాడు.

ఇంటికి ఫోన్ చేశాడు. రజిని ఏమీ అడగలేదు, అప్పటికే చదివింది. వెనకనుంచి రాధారాణిగారి గొంతు వినిపించింది. "మనం ఎవరికీ చెప్పలేదు కదే! మరి ఎవరి కళ్లు పడ్డాయి?" ఆవిడ నిజంగానే బాధపడుతున్నారు. వేణుమాధవ్ తర్వాత మాట్లాడతానని పెట్టేశాడు.

గేటు దగ్గర కుర్చీలో కూర్చుని టెరెన్స్‌కి ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తాడు.

"వెళ్లావన్నమాట" అన్నాడు టెరెన్స్.

"వెళ్లాను."

"నా మెసేజ్ విన్నావా?"

వినలేదని చెప్పొచ్చు. కానీ ఆ మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "విన్నాను. మీరూ ఆ ఉద్యోగానికే ప్రయత్నిస్తున్నారేమో అనుకున్నాను."

 టెరెన్స్ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వేణుమాధవ్‌కి కాస్త తేలికయ్యేది.

"మేం ఏడుగురం మాట్లాడుకున్నాం వేణూ. ఉద్యోగం ముందే ఇచ్చేసిన చోటికి ఇకనుంచి వెళ్లకూడదని. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆపాలి కదా. అందులో ఇద్దరికి ఇదే మొదటి పిలుపు. వాళ్లు ఎంత ఆశ చంపుకుని రామన్నారో నీకు తెలియదు. ఈ వారం గడిస్తే ఓనర్ లీగ్‌కి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది."

"నా పేరు ఎక్కడ దొరికింది వాళ్లకి?" అన్నాడు వేణుమాధవ్.

"లీగ్ దగ్గర ఒక లిస్ట్ ఉంటుంది, ఈ ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నవాళ్లది. నాలుగేళ్ల క్రితం ఎవరైనా ఉంటే చెప్పమని నన్నడిగారు. నీ పేరు నేనే రాసిచ్చాను. మూడు పేజీల ఉత్తరం రాశాను నీ గురించి."

ఎదురుగా టీవీలో ప్రెస్టన్ ఏదో చెబుతున్నాడు. శబ్దం లేదు. వేణుమాధవ్ కళ్లు తుడుచుకున్నాడు.

"సారీ టెరెన్స్. మీకు చేసింది నేను దిద్దుకోలేను. కానీ వచ్చే ఏడాది మిమ్మల్ని తప్పకుండా పిలుస్తారు, అప్పుడు..."

"నన్నెందుకు పిలుస్తారు?" అన్నాడు టెరెన్స్. "నేను రానని తెలిసింది. నిన్ను పిలుస్తారు. నువ్వు వస్తావని అందరికీ తెలిసింది కదా."

ఆయన అన్నట్టే, మరుసటి జనవరిలో రెండు టీమ్‌ల నుంచి ఫోన్లు వచ్చాయి. ఈసారి నిజమేనేమో అని వేణుమాధవ్ రెండిటికీ వెళ్లాడు.